బండ సందులలోని యిండ్లు

వేదపాఠము

చదువవలసిన భాగములు: ఓబద్యా 1–15 వచనములు, ఆదికాండము 12:10, 46:1–4, రూతు 1వ అధ్యాయము, 90వ కీర్తన, హెబ్రీయులకు 11:8–10.

పాఠసారము: ఖాళీయైన యిల్లు దేవుని శాపమునకు గురుతు కాదు. ఇల్లు విడిచినవారికి సహితము దేవుడే ఇల్లు.



పాతనిబంధనలో అన్నిటికంటె చిన్న గ్రంథము ఓబద్యా ప్రవచనము. ఒకే అధ్యాయము, 21 వచనములు. మన సంఘములలో దీనిని చదువుట అరుదు. చదివినను మూడు నాలుగు వచనములతో ఆపివేయుదుము. ఎత్తైన కొండ సందులలో ఇండ్లు కట్టుకొని, తమ జోలికి ఎవరును రాలేరని గర్వించిన ఎదోము జనులకు దేవుడు తీర్పు తీర్చిన సంగతి అక్కడ ఉన్నది. మేమును అనేక పర్యాయములు ఆ మాటలమీద ప్రసంగించితిమి. అయితే ఆ చిన్న గ్రంథమును మేము కడవరకు సరిగా చదువలేదని దూరదేశములోని ఒక ఎండు లోయలో నిలిచినప్పుడు మాకు తెలిసెను. ఆ సంగతినే ఈ నెల పాఠముగా మీ ముందుంచుచున్నాము.

1. లోయలో మేము చూచినది

కొంతకాలము క్రిందట అమెరికా దేశములోని న్యూ మెక్సికో రాష్ట్రమునకు పోవు అవకాశము మాకు కలిగెను. అది వానలు తక్కువైన సీమ. నేల ఎరుపు, పొదలు పొట్టివి, ఆకాశము మిక్కిలి విశాలము. అక్కడ బ్యాండెలియర్ అను పేరుగల ఒక రక్షిత ప్రదేశమున్నది. 1916లో అమెరికా ప్రభుత్వము దానిని జాతీయ స్మారక స్థలముగా ఏర్పరచెను. దాని విస్తీర్ణము 33,000 ఎకరములకు పైగా నున్నది. అందులో 23,000 ఎకరములకు పైబడిన భాగమును 1976లో కేవలము అరణ్యముగానే విడిచిపెట్టవలెనని చట్టము చేసిరి. అక్కడ బాటసారుల కాలిదారులేగాని బండ్లు పోవు రోడ్లు లేవు.

మేము ఫ్రిహోలెస్ అను లోయలోనికి దిగితిమి. ఆ స్పానిషు మాటకు చిక్కుళ్లు అని అర్థము. లోయ అడుగున సన్నని యేరు పారుచున్నది. దాని ఒడ్డున చెట్లు పచ్చగా నున్నవి. ఒక ప్రక్కన లేత గోధుమవర్ణముగల కొండచరియ గోడవలె నిలువుగా లేచియున్నది. 10 లక్షల సంవత్సరములకు పూర్వము ఆ ప్రాంతపు అగ్నిపర్వతము రెండు మారులు బహు భయంకరముగా ప్రేలగా, దాని బూడిద అడుగులకొలది పేరుకొని గట్టిపడి రాయియాయెను. దానికి టఫ్ అని పేరు. అది మెత్తని రాయి. రాతి పనిముట్టుతోనైనను దానిని తొలువవచ్చును.

ఆ చరియనిండ గూళ్లవలె గదులు కనబడినవి. ఒక నిచ్చెన ఎక్కి ఒక గదిలో కూర్చుంటిమి. లోపల నలుగురైదుగురు ఒదిగి కూర్చుండు చోటున్నది. పైకప్పు మసి పట్టి నల్లగా నున్నది. మొదట దానిని వంట పొగ అనుకొంటిమి. తరువాత తెలిసినదేమనగా, పొగ పట్టించినయెడల ఆ మెత్తని రాయి కొంత గట్టిపడి, పొడి రాలకుండ నుండునట. గోడల క్రింది భాగమునకు మట్టి పూత పూసిరి. మన యిండ్లలో గోడకు మట్టి మెత్తి అలుకుచున్న తల్లులు ఆ గదిని చూచినయెడల, అక్కడ కాపురము చేసిన స్త్రీలను తమ అక్కచెల్లెండ్రేయని ఎరుగుదురు.

కొండచరియ వెలుపల వరుసలు వరుసలుగా చిన్న రంధ్రములున్నవి. అవి దూలములను గ్రుచ్చిన తావులు. గుహలు వెనుకటి గదులు మాత్రమే. వాటి ముందు రాళ్లతో కట్టిన ఇండ్లు రెండు మూడు అంతస్తులు ఉండెడివి. లోయ నడుమ ట్యువోని అను పెద్ద కట్టడపు పునాదులున్నవి. ఒక ముంగిలి చుట్టు గుండ్రముగా ఇంచుమించు 400 గదులు కట్టిరి. లోనికి వచ్చుటకు నేలమట్టమున ఒక్కటే దారి. దూలములలోని వలయములను లెక్కించినవారు 14వ శతాబ్దపు కడపటి భాగమునను 15వ శతాబ్దమునను అవి నరకబడినవని తేల్చిరి.

2. అక్కడ కాపురమున్నవారు

ఆ జనులు ఇప్పటి ప్యూబ్లో జనుల పూర్వికులు. ప్యూబ్లో అనగా స్పానిషు భాషలో ఊరు. ఊళ్లు కట్టుకొని స్థిరముగా నివసించిరి గనుక స్పానిషువారు వారికి ఆ పేరు పెట్టిరి. క్రీ. శ. 1150 మొదలు 1550 వరకు, అనగా ఇంచుమించు 400 సంవత్సరములు, వారు ఈ లోయలయందును మీది మెరకలయందును బ్రదికిరి.

వారు సేద్యగాండ్రు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఈ మూడును వారి పంటలు. వారికి నాగలి లేదు, ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు. పెంచినవి కుక్కలు, టర్కీ కోళ్లు. ఆ కోళ్ల యీకలను నారతో పేని చలికి దుప్పట్లు చేసికొనిరి. కిత్తనార మొక్కను పోలిన యక్కా అను మొక్కయొక్క నారతో త్రాళ్లును చెప్పులును చేసిరి. దాని వేళ్లను సబ్బుగా వాడిరి. ఇనుము లేనందున గాజువలె మెరయు నల్లరాతిని చెక్కి బాణపు ములుకులు చేసికొనిరి. సముద్రమట్టమునకు 6,000 అడుగుల ఎత్తున, చలికాలమున మంచు కురిసి వేసవిలో వాన మోసగించు నేలమీద, చేతి కఱ్ఱతో గుంట త్రవ్వి గింజ నాటి, 400 సంవత్సరములు పిల్లలను పెంచినవారిని సోమరులనియు అజ్ఞానులనియు ఎవడు అనగలడు? వాన కొరకు ఆకాశమువైపు చూడనేర్చినవారు మన పల్లెలలోనే గాదు, అక్కడను ఉండిరి.

3. మా తొందరపాటు

ఆ యేటి వెంబడి ఇంకను కొంత దూరము నడిచినయెడల కొండ నడుమ ఒక పెద్ద గుహ యున్నది. అది లోయ అడుగునుండి 140 అడుగుల ఎత్తున ఉన్నది. నాలుగు కొయ్య నిచ్చెనలును రాతి మెట్లును ఎక్కి అక్కడికి చేరవలెను. పూర్వము ఇంచుమించు 25 మంది అక్కడ నివసించిరని చెప్పుదురు. మేము ఊపిరి పట్టుకొని, క్రిందికి చూడక, మెల్లగా ఎక్కితిమి. పైన కూర్చుండి చూడగా లోయంతయు నిశ్శబ్దముగా నుండెను. ఇన్ని గదులు, ఒక్క పొయ్యియు రగులుట లేదు. అప్పుడు మాకు ఓబద్యా జ్ఞాపకము వచ్చెను. వెంటనున్నవారితో, “చూడుడి, ఇంత ఎత్తున బండలో గూడు కట్టుకొన్న జనము ఏమైపోయెను? దేవుని ఎరుగని జనముల గతి ఇదే గదా” అంటిమి. ఆ మాటతో ఒక మంచి ప్రసంగము దొరికినదని లోలోపల సంతోషించితిమి కూడ.

క్రిందికి దిగిన తరువాత అక్కడి పార్కు ఉద్యోగినిని, “ఈ జనులు ఎట్లు నశించిరి?” అని అడిగితిమి. ఆమె మర్యాదగానే, అయితే స్థిరముగా, “వారు నశించలేదు, ఇల్లు మారిరి. వారి మనుమలు ఇక్కడికి దగ్గరలోనే ఉన్నారు” అని చెప్పెను. ఆమె చెప్పినది నిజమే. రియో గ్రాండే అను పెద్ద నది ఒడ్డున కొచిటి, సాన్ ఇల్డెఫోన్సో మొదలైన ఊళ్లలో ఆ సంతతివారు నేటికిని కాపురమున్నారు. కొచిటివారు కెరెస్ భాషయు, సాన్ ఇల్డెఫోన్సోవారు టేవా భాషయు మాటలాడుదురు. మొక్కజొన్న నేటికిని వారికి కేవలము ఆహారము కాదు, పండుగ. ఈ లోయను లోకమునకు చూపినవాడు బ్యాండెలియర్ పండితుడని మనము చెప్పుకొందుము. అయితే 1880లో ఆయనను చేయిపట్టి ఇక్కడికి తీసికొని వచ్చినవాడు కొచిటి ఊరి హోసే మొంతోయా. ఆ లోయ అతనికి క్రొత్తది కాదు, తాతల యిల్లు.

మేము సిగ్గుపడితిమి. బ్రదికియున్న ఒక కుటుంబమునకు మేము సమాధి కట్టితిమి.

4. వారు ఎందుకు వెళ్లిరి?

400 సంవత్సరములు అదే నేలను దున్నక త్రవ్వి పండించగా నేల సారము తగ్గెను. చుట్టుపట్ల కట్టెలు తగ్గెను. అంతలో కఠినమైన వానలేమి వచ్చెను. అప్పుడు వారు విత్తనములను, పిల్లలను, భాషను, పెద్దల మాటలను వెంటబెట్టుకొని ఎల్లప్పుడు నీళ్లుండు నది యొద్దకు దిగిపోయిరి. వారిని తరిమినది గర్వము కాదు, కరవు.

ఇక్కడ మరియొక సంగతి దాచకూడదు. వారు నది ఒడ్డున స్థిరపడిన తరువాత, 1598లో స్పానిషువారు క్రీస్తు పేరు చెప్పుకొనుచు వచ్చి ఆ సీమను ఆక్రమించిరి. వారి ధాన్యమును బట్టలను పన్నుగా తీసికొనిరి, వెట్టిచాకిరి చేయించిరి, వారి ఆరాధనలను బలవంతముగా మాన్పించిరి. 1680లో ప్యూబ్లో ఊళ్లు పోపే అను నాయకుని ఆధ్వర్యమున ఏకమై వారిని వెళ్లగొట్టెను. స్పానిషువారు 1692లో మరల వచ్చిరి. ఈనాడు ఆ ఊళ్లలో చర్చియు ఉన్నది, కివా అను వారి పూర్వపు ఆచారమందిరమును ఉన్నది. వారు రోమా సంఘమువారు గదా, ఆ పాపము మనది కాదని చేతులు కడుగుకొనుట సులభము. కాని క్రీస్తు నామము ఎత్తి పొరుగువానిని చిన్నచూపు చూచుట ఏ యొక్క సంఘమునకో చెందిన పాపము కాదు. నిచ్చెన ఎక్కి కూర్చున్న ఆ అరగంటలో మేమును అదే చేసితిమి.

5. ఓబద్యాను మరల చదువుట

ఆ రాత్రి బసలో కూర్చుండి ఓబద్యాను మొదటినుండి కడవరకు చదివితిమి. ఎదోముమీద దేవుడు మోపిన నేరమేమి? కొండలో ఇల్లు కట్టుకొనుట నేరమని అక్కడ లేదు. 10వ వచనము మొదలుకొని 14వ వచనము వరకు నెమ్మదిగా చదువుడి. తన సహోదరుడైన యాకోబునకు ఆపద వచ్చిన దినమున ఎదోము దూరముగా నిలిచి చూచెను. చూచి సంతోషించెను. అతిశయముగా మాటలాడెను. గుమ్మము దాటి లోనికి పోయి సొమ్ము పట్టుకొనెను. అంతటితో ఆగక, ప్రాణము దక్కించుకొని పారిపోవుచున్నవారిని పట్టుటకు అడ్డదారులలో నిలిచెను. అనేకులైన పండితులు దీనిని బబులోనువారు యెరూషలేమును పడగొట్టిన దినములకు చెందిన మాటగా చెప్పుదురు.

ప్రియులారా, ఈ గ్రంథము పాడైన యింటిని చూచి వేలు చూపుటకు ఇయ్యబడలేదు. పాడైన యింటిని చూచి వేలు చూపువానికి హెచ్చరికగా ఇయ్యబడినది. మేము ఆ ప్యూబ్లో జనులను ఎదోమనుకొంటిమి. వాక్యమను అద్దములో చూచుకొనగా, ఎదోము ముఖము మాదే.

కరవు వలన ఇల్లు విడిచినవారిని గూర్చి లేఖనము ఏమి చెప్పుచున్నది? అబ్రాహాము వాగ్దానదేశములోనికి వచ్చిన కొద్దికాలమునకే కరవు కలిగి ఐగుప్తునకు వెళ్లెను. అక్కడ అతడు భార్యను గూర్చి ఆడిన మాట తప్పుగాని, అన్నము కొరకు వెళ్లుట తప్పని వాక్యములో లేదు. వృద్ధుడైన యాకోబు ఐగుప్తునకు బయలుదేరి బెయేర్షెబాలో ఆగినప్పుడు, దేవుడు రాత్రి అతనితో మాటలాడి, భయపడవద్దనియు తానును అతనితో కూడ వచ్చెదననియు ధైర్యపరచెను. ఎలీమెలెకు బేత్లెహేము విడిచి మోయాబునకు పోయినందున దేవుడు అతని శిక్షించెనని మనము తరచుగా చెప్పుదుము. రూతు గ్రంథము ఆ మాట చెప్పదు. ఆ కరవు దారినే రూతు వచ్చెను, రూతు వంశమున దావీదు పుట్టెను. విశ్వాసులకు తండ్రియైనవాడు గుడారములలో బ్రదికెనని హెబ్రీ పత్రిక జ్ఞాపకము చేయుచున్నది. అతడు రాతి పునాదిని కాదు, దేవుడు వేసిన పునాదులుగల పట్టణమును చూచుచుండెను.

6. మా సొంత సంఘములో జరిగినది

ఈ పాఠము మాకు పుస్తకములోనిది మాత్రమే అయియుంటే ఇంత వ్రాయకపోదుము. చాల సంవత్సరముల క్రిందట మేము పరిచర్య చేసిన ఒక పల్లెలో ఒక విశ్వాసి కుటుంబముండెను. బావి ఎండిపోయెను. రెండవ బోరును నీళ్లు ఇయ్యలేదు. ఎద్దులను అమ్మివేసిరి. కుమారుడు భార్యను పిల్లలను తీసికొని దూరపు పట్టణమునకు కట్టుబడి కూలికి పోయెను. ముసలి తల్లి మాత్రము ఇంటిలో నిలిచెను. ఆ ఆదివారము మేము ప్రసంగములో, విశ్వాసము చాలనివారే సంఘమును విడిచి పట్టణముల వెంట పరుగెత్తుదురని అంటిమి. పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేదు, అందరును ఆమెవైపే చూచిరి.

మరుసటి ఆదివారము ఆమె గుడికి రాలేదు. మేము ఇంటికి పోగా చాప పరచి కూర్చుండబెట్టి, “అయ్యగారూ, మావాడు దేవుణ్ణి ఇడిసిపెట్టి పోలేదు. నీళ్లు లేక పోయినాడు. పోయేటప్పుడు బైబిలు బట్టల మూటలో పెట్టుకొనే పోయినాడు” అనెను. మేము ప్రార్థన చేసి లేచి వచ్చితిమి. క్షమించుమని అడుగవలసిన మాట మా నోట రాలేదు. ఆమె ఇప్పుడు ప్రభువునందు నిద్రించియున్నది.

ఆ లోయనుండి తిరిగి వచ్చిన తరువాత ఆమె కుమారుడున్న చోటు వెదకి పోయి, మేము ఆనాడు తప్పుగా మాటలాడితిమని ఒప్పుకొంటిమి. అతడు తల వంచుకొని, “అమ్మ ఆరోజే మరిచిపోయిందిలెండి అయ్యగారూ” అనెను. ఆమె మరచినదని మేము అనుకొనుట లేదు. ఆమె క్షమించెనని మాత్రము నమ్ముచున్నాము. అతని ఒంటిగదిలో గూటిమీద ఆ బైబిలున్నది; అట్ట ఊడిపోగా దారముతో కుట్టుకొనియున్నాడు. ఆదివారము సాయంకాలము ఆ గదిలో మూడు నాలుగు వలస కుటుంబములు కూడుకొని ప్రార్థించుచున్నవి.

7. కాలిన అరణ్యములో

లోయను గూర్చి ఇంకొక మాట. 2011వ సంవత్సరపు వేసవిలో లాస్ కొంచాస్ అను గొప్ప కార్చిచ్చు ఆ పర్వతములలో 1,50,000 ఎకరములకు పైగా దహించెను. ఆ రక్షిత ప్రదేశములోను సగమునకు మించిన భాగము దాని పాలాయెను. పై కొండలమీద చెట్లు కాలిపోయినందున వాననీళ్లు ఆగక, ఆ వేసవిలోనే ఫ్రిహోలెస్ యేరు వరదయై లోయలోనికి దుంగలను రాళ్లను ఈడ్చికొని వచ్చెను. ఆ గుర్తులను మేమును చూచితిమి. కొండ చెట్లు పోయినయెడల దిగువ పొలమునకు ఏమి కలుగునో సేద్యగాండ్రైన మీకు మేము చెప్పనక్కరలేదు. అయినను ఆ నల్లబడిన మొద్దుల నడుమ పచ్చని గడ్డియు లేత పొదలును లేచుచున్నవి.

బైబిలులో అరణ్యమనగా ఎక్కువగా ఇట్టి ఎండిన నేలయే. తరిమివేయబడిన హాగరు, దాహముతోనున్న తన పిల్లవానిని పొద క్రింద ఉంచినది అట్టి చోటనే. పిల్లవాడు ఉన్న చోటనుండియే దేవుడు అతని మొర వినెనని ఆదికాండము 21వ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత వినెదనని ఆయన అనలేదు. 90వ కీర్తన మోషే ప్రార్థనయని పేరు పొందినది. సొంత యిల్లు లేక 40 సంవత్సరములు అరణ్యములో నడిచిన జనుల నాయకుడు, దేవుడే తమ యిల్లని అందులో ఒప్పుకొనెను. రాతి గోడల నడుమ కూర్చున్నవానికంటె, దారిలోనున్నవాడే ఆ కీర్తనను బాగుగా ఎరుగును.

8. మనము చేయవలసినది

మన సంఘములలో ఎందరి యిండ్లకో తాళములున్నవి. ఆ తాళమును చూచి తీర్పు చెప్పవద్దు. వెళ్లినవారి పేర్లను సంఘపు పుస్తకములోనుండి కొట్టివేయవద్దు. ప్రతి ఆదివారము వారిని పేరు పేరున ప్రార్థనలో జ్ఞాపకము చేయుడి. ఇంటిలో మిగిలిన ముసలివారి గుమ్మము తొక్కుడి. వారి పిల్లలకు ఫోను కలిపి ఇచ్చి, మాటలాడనిండి. పండుగకు వచ్చినవారిని పరాయివారివలె వెనుక వరుసలో కూర్చుండనియ్యవద్దు. ఎవనినైనను మాటతో నొప్పించియున్నయెడల, మావలె ఆలస్యము చేయక, చాప పరచిన దినముననే క్షమాపణ అడుగుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఓబద్యా 10–14 వచనములలో ఎదోము చేసిన తప్పులెన్ని? వాటిలో ఏవి మాటతో చేసినవి, ఏవి చేతితో చేసినవి?

2. ఆదికాండము 46:1–4లో దేవుడు యాకోబునకు ఇచ్చిన ధైర్యమేమి? పని కొరకు ఊరు విడుచుచున్నవారికి సంఘము ఎట్టి మాట చెప్పి పంపవలెను?

3. మన సంఘమునుండి వెళ్లినవారెవరు? వారి యిండ్లలో ఇప్పుడు ఎవరున్నారు? ఈ నెలలో వారిని చూడబోవువారెవరు?

ప్రార్థన

ప్రభువా, పాడైన గోడలను చూచి నీ తీర్పును మేమే పలికిన గర్వమును క్షమించుము. వాన లేక, పని లేక దారి పట్టిన మా బిడ్డలతో నీవును నడువుము. ఖాళీ యింటి గుమ్మమున ఎదురుచూచుచున్న తల్లులను మాకు చూపుము. మేము వారియొద్దకు పోవునట్లు మా కాళ్లకు త్వర దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.